రామగుండానికి ఎవరు పోతారు?

ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వినే అలవాటున్న పాతతరం వారందరికీ రామగుండం పేరు తెలుసు. ఏప్రిల్ మొదలుకొని జూన్ మొదటి వారం దాకా, వార్తల చివర ఉష్ణోగ్రతలు చదివేటప్పుడు ఆ పేరు రాక తప్పేది కాదు. గుంటూరు జిల్లా రెంటచింతలకూ కరీంనగర్ జిల్లా రామగుండానికీ మధ్య ఏటా ఒక పోటీ నడిచేది. ఒకనాడు వాళ్ళది పైచేయి, మరునాడు మాది. మాది గెలిచిన రోజున మేము పిల్లలం కొంచెం గర్వంగానే చెప్పుకునేవాళ్ళం. వేరే ఏ సందర్భంలోనూ మా ఊరి పేరు రేడియోలో వినబడేది కాదు మరి!

ఇప్పుడా పేరు మా ఇంట్లో మరో సందర్భంలో వినబడుతోంది. నా ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఇన్నేళ్ళూ హైదరాబాదులో అద్దె ఇళ్ళలోనే గడిచిపోయింది. తమ్ముడు గోదావరిఖనిలో ఉంటాడు. అమ్మ వాడి దగ్గరే. ఎన్టీపీసీ జ్యోతినగర్ దాటాక, రాజీవ్ రహదారికి కాస్త లోపలగా, కొత్తగా వెలసిన ఒక శివారు కాలనీలో ఇల్లు అమ్మకానికి వచ్చిందనీ, కొనుక్కొని వచ్చేయమనీ వాడి పట్టు. "అన్నా, ఇప్పుడు ఎవలింట్ల సూసినా ఏసీలే. ఇంక ఎండకేం భయం?" అంటాడు. మా ఆవిడ పుట్టిల్లు కాకినాడ. సంగతి తెలిసి మా మామగారు ఫోనులో ఒకే మాట అడిగారు: "కావాలని రామగుండానికి ఎవరు పోతారు, నాయనా?"

ఆయన ఎత్తిపొడుపుగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ పట్టణంలో 2 లక్షల 30 వేలమంది ఉన్నారు. వారిలో తాతల కాలం నుంచీ అక్కడున్నవారు చాలా కొద్దిమంది. తక్కినవారంతా ఎక్కడెక్కడి నుంచో పోయినవారే, మా నాన్నతో సహా. వాళ్ళంతా ఎండ సంగతి తెలియకనే పోయారా? తెలిసీ పోతే ఏం చూసుకొని పోయారు? ఇల్లు కొనే ముందు దస్తావేజులు చూసుకుంటాం కదా, అలాగే ఊరి దస్తావేజు కూడా ఒకసారి చూద్దామనిపించింది.

ముందు ఎండ సంగతి. రామగుండం అంత కాలడానికి కారణం నాకు చాలాకాలం తెలియదు. బొగ్గు ఉండడం వల్ల నేల వేడెక్కుతుందని మా వాడలో ఒక నమ్మకం ఉండేది. అది నిజం కాదు గాని, ఎండకూ బొగ్గుకూ చుట్టరికం మాత్రం ఉంది. 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన పూర్వకాలంలో ఇక్కడి నేల పొడుగాటి చీలికగా కుంగింది. ఆ పల్లంలో అడవులు పెరిగి, కూలి, ఇసుక కింద పూడి బొగ్గయ్యాయి. తరువాత ఎప్పటికో ఆ పల్లాన్నే పట్టుకొని ప్రాణహిత, గోదావరి ప్రవహించాయి. ఇదే పట్టీ ఉత్తరాన చంద్రాపూర్ మీదుగా వార్ధా లోయలోకీ, దక్షిణాన కొత్తగూడెం దాకానూ సాగుతుంది. ఎండలకు పేరు మోసిన ఊళ్ళన్నీ ఈ గీత మీదే ఎందుకున్నాయో చూడండి! హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. రామగుండం 200 మీటర్ల లోపే. పొడిగాలి 100 మీటర్లు దిగితే దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. అంటే మే నెల మధ్యాహ్నం హైదరాబాదుకూ రామగుండానికీ మూడు డిగ్రీల తేడా కేవలం ఎత్తు వల్లనే వచ్చేస్తుంది. ఆపైన వాయవ్యం నుంచి, విదర్భ మీదుగా వచ్చే వడగాడ్పులు. సముద్రం 300 కిలోమీటర్లకు పైగా దూరం. సాయంకాలం చల్లగాలి ఆశ లేదు.

అయితే ఊరి పేరులో మాత్రం నీళ్ళే ఉన్నాయి. గుట్ట మీది నీటిగుండాల దగ్గర వనవాసంలో రాముడు ఆగాడనీ, రామునిగుండాలే రామగుండమైందనీ జనం చెప్పుకుంటారు. పురాణం మాట ఎలా ఉన్నా, ఈ ప్రాంతంలో పాతకాలం వాళ్ళు ఊరు కట్టుకోవడానికి నీటినే చూసుకున్నారన్నది స్పష్టం. గోదావరి ఒడ్డున మంథని, ధర్మపురి, చెన్నూరు అలా వెలసినవే. మంథనిలో మిగిలి ఉన్న పాత భవంతి ఇళ్ళు చూస్తే ఎండను వాళ్ళు ఎంత బాగా అర్థం చేసుకున్నారో తెలుస్తుంది. చేయి బారెడు మందాన మట్టిగోడలు, పైన గూనపెంకు, నడుమ ఆకాశం కనబడే వాకిలి, పడమటి దిక్కున కిటికీ లేకపోవడం. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఇంట్లోకి అడుగు పెడితే కళ్ళకు చీకటి కమ్మినట్టుండి, క్షణం తరువాత ఒంటికి చల్లదనం తెలుస్తుంది. ఈ సంగతి తరువాత మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఈ ప్రాంతపు కొత్తచరిత్ర రైలుతో మొదలైంది. కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం 1929 నాటికి పూర్తయి, మద్రాసు నుంచి ఢిల్లీకి సూటి దారి ఏర్పడింది. ఆ దారి వెంట 1920ల చివర బెల్లంపల్లి గనులు మొదలయ్యాయి. 1938లో సిర్పూరు కాగితం మిల్లు స్థాపన జరిగింది, కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయింది. నదికి ఆవల ఆదిలాబాద్ అడవుల్లోకి కరీంనగర్ వైపు నుంచీ, మహారాష్ట్ర వైపు నుంచీ రైతులు పోయి చేరడం కూడా ఈ కాలంలోనే ఎక్కువైంది. 1940లో కొమురం భీం మరణించిన తరువాత గోండుల మధ్య పని చేయడానికి వచ్చిన హైమెన్‌డార్ఫ్, దారులు పడ్డాక బయటివారు వచ్చి గోండుల భూములు ఎలా ఆక్రమించుకున్నారో వివరంగా రాశారు. ఆ పోయినవారు భూమి కోసం పోయారు. ఎండాకాలం ఎండ, చలికాలం ఎముకలు కొరికే చలి, ఆపైన మలేరియా అని తెలిసే పోయారు. చౌకగానో, బలవంతంగానో దొరికే నేల ముందు వాతావరణం ఎవరికీ లెక్కలోకి రాలేదు.

గోదావరిఖని పుట్టుక ఇంకా తరువాతిది. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ 1960 ప్రాంతాల రామగుండం దగ్గర గనులు తెరిచింది. నదికీ రామగుండం స్టేషనుకూ మధ్య చెల్క భూముల్లో, తుప్పల్లో ఒక్కొక్క ఇంక్లైనూ వెలసింది. గనులకు పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది కాబోలు, అంకెలతోనే సరిపెట్టారు. అందుకే ఇప్పటికీ మా వైపు ఎయిటింక్లైన్ కాలనీ అనే ఊరుంది. బెల్లంపల్లి, కొత్తగూడెం గనుల నుంచి పని తెలిసినవాళ్ళు వచ్చారు. చుట్టుపక్కల పల్లెల నుంచి తట్టా చెమ్మసు పనికి జనం వచ్చారు. గనిని మా వైపు బాయి అంటారు. బాయిలోకి దిగడమంటే మొదట్లో భయం ఉండేదనీ, పిల్లనివ్వడానికి కూడా వెనకాడేవారనీ నాన్న చెప్పేవాడు. జీతం చూశాక అదే జనం బాయి పిల్లగాణ్ణే వెతకడం మొదలుపెట్టారు.

మా నాన్న హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి 1967లో వచ్చాడు. కరువు వల్ల వచ్చాడు గాని కోరి రాలేదు. మొదటి ఏడేళ్ళూ తాటికమ్మల గుడిసె. తరువాత క్వార్టర్ వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, నల్లా, కరెంటు. ఆ రోజుల్లో పల్లెలో మా పెద్దనాయన ఇంటికి కరెంటు లేదు. మా పెద్దనాయన ఎండాకాలం సెలవుల్లో ఒకసారి వచ్చి, స్విచ్చి వేసి తిరుగుతున్న పంకాను చూసి, "వీడు ఎండలకు రాలే, సల్లకు వచ్చిండు" అన్నాడట. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకునే మాట. నాకు మాత్రం ఇన్నాళ్ళ తరువాత మామగారి ప్రశ్నకు మొదటి జవాబు అందులో కనబడింది. నాన్న రామగుండం ఎండకు రాలేదు, క్వార్టరు నీడకు వచ్చాడు.

ఆ కాలనీల్లో ఎండాకాలం ఎలా గడిచేదో కొంచెం చెప్పాలి. పొద్దున ఆరుబయట బొగ్గుపొయ్యిలు అంటించేవారు. పొగ తగ్గి నిప్పులు ఎర్రగా అయ్యాకే లోపలికి తెచ్చుకోవాలి. ఆ వేళకు తిలక్‌నగర్ నుంచి విఠల్‌నగర్ దాకా నీలంగా పొగ కమ్ముకొని ఉండేది. పదిన్నర కల్లా వీధి నిర్మానుష్యం. రంజనులో నీళ్ళు, సల్లలో ఉల్లిగడ్డ, మక్కగటక. బడికి పోయే పిల్లల జేబులో ఒక చిన్న ఉల్లిగడ్డ పెట్టి పంపేవారు, వడదెబ్బ తగలదని. (శాస్త్రం ఏమంటుందో గాని, ఆ వాసనకు నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, అందరి జేబుల్లోనూ అదే ఉన్నా సరే!) సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి, నులకమంచాలు వేసి, వరసంతా ఆరుబయటే పడుకునేది. స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రికి లోపలికి వదిలేది, అంచేత లోపల పడుకోవడం అసాధ్యం. తెల్లవారుజామున మాత్రం చలి వేసి దుప్పటి వెతుక్కునేవాళ్ళం. పొడి వేడికి ఉన్న ఒకే ఒక్క దయ అది. సూర్యుడు దిగగానే నేల చల్లారుతుంది.

నాన్న ఎండాకాలంలో బాయే నయమనేవాడు. లోపల గాలి ఆడని చోట ఉక్కపోత తప్పదు, కాని నెత్తి మీద సూర్యుడు ఉండడు కదా. 1975లో సింగరేణిలో ఓపెన్‌కాస్టు తవ్వకం వచ్చింది. మొదట ఒకటి రెండు, ఇప్పుడు ఉత్పత్తిలో చాలా ఎక్కువ భాగం అదే. గని తలకిందులైందని చెప్పవచ్చు. భూమి కింద నీడలో చేసిన పని నల్లటి బొగ్గు మెట్ల మీద, ఎర్రటి ఎండలోకి వచ్చింది. ఎండ అనే మాట కార్మికుల కోరికల పత్రంలోకి ఎక్కింది ఇలాగే. మజ్జిగ, మంచినీళ్ళు, నీడ, షిఫ్టు వేళలు. పెద్ద డంపర్ల క్యాబిన్లకు ఏసీలు వచ్చాయి. క్యాబిన్‌లో కూర్చోనివాడికి, అందునా కాంట్రాక్టు కార్మికుడికి, తలకు చుట్టుకున్న తువాలే ఏసీ. తవ్విపోసిన మట్టి గుట్టలై ఊరి చుట్టూ లేచింది. చిన్నప్పుడు మాకు గుట్టంటే దేవుడుండేది; ఇప్పటి పిల్లలకు గుట్టంటే ఓబీ గుట్టే.

ఎన్టీపీసీకి 1978 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఒక్కొక్కటే చేరి 2004 నాటికి ఏడు యూనిట్లు, 2600 మెగావాట్లు. దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుంచీ ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చారు. వాళ్ళకోసం కట్టినదే జ్యోతినగర్. మేము సైకిళ్ళ మీద చూడ్డానికి పోయేవాళ్ళం. వెడల్పాటి రోడ్లు, రెండు పక్కలా వరసగా చెట్లు, బడి, ఆసుపత్రి. అప్పట్లో మొక్కలుగా చూసినవి ఇప్పుడు కొమ్మలు కలుపుకొని రోడ్ల మీద పందిరి వేశాయి. మే నెలలో గేటు బయటి నుంచి లోపలికి పోయినప్పుడు తేడా చర్మానికే తెలుస్తుంది, థర్మామీటరు అక్కర్లేదు. ఒకే ఊరు, ఒకే సూర్యుడు, మధ్యన ఒక ప్రహరీ.

ప్రహరీకి ఈవల ఎవరున్నారన్నది కూడా చెప్పుకోవాలి. గనులకూ, విద్యుత్కేంద్రానికీ, బూడిద చెరువుకూ, తరువాత ఎల్లంపల్లి జలాశయానికీ భూములిచ్చిన పల్లెల వాళ్ళున్నారు. "ఇచ్చిన" అన్నది కాగితాల భాష. రామగుండానికి పోవాలా వద్దా అని ఆలోచించే అవకాశం వాళ్ళకు రాలేదు; ఊరే వాళ్ళ దగ్గరికి వచ్చి, వాళ్ళను జరగమంది. గూనపెంకుటిళ్ళు, వేపచెట్లు, ఊరబావి పోయి, పరిహారం డబ్బుతో రేకుల ఇళ్ళు వేసుకున్నవారు ఎందరో. రేకుల కింద మే నెల గడపడం ఏమిటో అనుభవించినవారికి వేరే చెప్పనక్కర్లేదు. మంథని భవంతి ఇంటిని గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఈ ప్రాంతానికి ఎండ కొత్త కాదు. ఎండను కాచుకొనే ఇల్లు పోవడమే కొత్త.

మా అమ్మకు చదువు లేదు గాని ఈ లెక్క బాగా తెలుసు. ఇల్లు కొనే సంగతి ఆమె దగ్గర ఎత్తితే, "ఎండకు ఎవలు సచ్చిండ్రురా? నీడ లేక సచ్చిండ్రు" అంది. 2015 మే వడగాడ్పులప్పుడు దేశంలో రెండు వేలకు పైగా చనిపోయారు. అందులో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాలవారే. పొలాల్లో, రోడ్ల మీద పనిచేసేవారు, ముసలివారు, ఇల్లూ వాకిలీ లేనివారు ఆ మృతుల్లో ఎక్కువ. పత్రికలు ఉష్ణోగ్రతల పట్టిక వేసి పక్కనే మృతుల సంఖ్య వేశాయి. అమ్మ మాట ప్రకారమైతే ఆ పక్కన వేయవలసింది ఇళ్ళ పట్టిక.

ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం కథ వేరు. బొగ్గు నుంచి యూరియా తీయాలన్న పెద్ద ఆశతో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి, 1999లో మూతపడింది. దానితో ఒక టౌన్‌షిప్ మొత్తం ఖాళీ అయింది. అదే దశాబ్దంలో సింగరేణి కష్టాల్లో పడి, లక్ష దాటి ఉన్న ఉద్యోగులు తగ్గుతూ వచ్చారు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. స్వచ్ఛంద విరమణ డబ్బులు తీసుకున్నవారు క్వార్టర్లు ఖాళీ చేయాలి. అప్పుడు మొట్టమొదటిసారి ఈ ఊరివాళ్ళు తమకు తాముగా ఒక ప్రశ్న వేసుకున్నారు: ఉండాలా, పోవాలా? చాలామంది కరీంనగర్‌లోనో హైదరాబాదులోనో స్థలాలు కొన్నారు. కొందరు పల్లెకు తిరిగి పోయారు. జగిత్యాల వైపు వాళ్ళ పిల్లలు దుబాయి, మస్కట్ విమానాలెక్కారు. అక్కడి ఎండ ముందు మనదెంత! 2001కీ 2011కీ మధ్య రామగుండం జనాభా కొద్దిగా తగ్గింది. ఆ పదేళ్ళలో తెలంగాణలో తగ్గిన పట్టణాలు ఎన్నుంటాయి? తగ్గడానికి ఎండ కారణం కాదు. ఎండ ఎప్పుడూ ఉన్నదే, పోయింది క్వార్టరు.

నా ఎరికలో మామగారి ప్రశ్నకు పూర్తి జవాబు ఇదీ. రామగుండానికి ఒట్టి రామగుండం కోసం ఎవరూ పోలేదు. కొలువుతో పాటు కప్పు, నల్లా, కరెంటు, ఆసుపత్రి ఎవరో ఏర్పాటు చేసి పిలిస్తే పోయారు. ఎండ ఖర్చు కంపెనీ లెక్కల్లో ఉండేది, కుటుంబం లెక్కల్లో కాదు. అరవై ఏళ్ళ తరువాత ఇప్పుడు నాబోటివాడు సొంత డబ్బుతో, సొంత ఇంటికి పోదామనుకుంటే ఆ ఖర్చంతా నా పద్దులో పడుతుంది. తమ్ముడు చెప్పే ఏసీ దగ్గరే మొదలవుతుంది ఇది. తెలంగాణ ఏర్పడ్డాక సింగరేణి క్వార్టర్లలో ఏసీలు పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది, అక్కడ కరెంటు బిల్లు చింత లేదు. శివారు కాలనీలో మీటరు నా పేరున తిరుగుతుంది.

ఇంకొక చిత్రం. రామగుండం కరెంటు, ఎల్లంపల్లి నీళ్ళు ఈ రోజు హైదరాబాదుకు పోతున్నాయి. 20 టీఎంసీల ఆ జలాశయం నుంచి 2015 చివర గోదావరి నీళ్ళు రాజధానికి చేరాయి. ఇన్నేళ్ళూ హైదరాబాదులో నేను తాగిన చల్లనీళ్ళలో, తిరిగిన పంకాలో మా ఊరి వాటా ఎంతో ఉంది. ఆ రెండూ అక్కడికి పోయాయి కనుకనే హైదరాబాదు చల్లని ఊరుగా, రామగుండం కాలే ఊరుగా మనకు కనబడుతున్నాయేమో అని ఒక్కోసారి తోస్తుంది. (కొంచెం అతిగా అంటున్నానని తెలుసు. ఎత్తు వల్ల వచ్చే మూడు డిగ్రీలను ఏ జలమండలీ మార్చలేదు.)

ఊరు మళ్ళీ పెరుగుతున్న సూచనలు కూడా ఉన్నాయి. ఎరువుల కర్మాగారం గ్యాసు ఆధారంగా 2021లో తిరిగి ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022లో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌరఫలకాలు పూర్తయ్యాయి. ఊరిని కాల్చే సూర్యుడి చేత నీటి మీద పని చేయిస్తున్నారన్నమాట. 2023, 2024లలో 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చాయి. 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల పాత థర్మల్ కేంద్రం మాత్రం 2024లో ఆగిపోయింది. 2016లో మేము కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాలోకి మారాము. మండలానికొకటిగా వాతావరణ యంత్రాలు వచ్చాక అత్యధిక ఉష్ణోగ్రతల పట్టికలో మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్ జిల్లాల పల్లెలు మమ్మల్ని దాటిపోతున్నాయి. అవి అంతకుముందు చల్లగా ఉండి కాదు, అక్కడ కొలిచేవారు లేకపోవడం వల్ల. మా పాత కీర్తి సగం వాతావరణ కేంద్రం పుణ్యమే.

మా ఆవిడ వాదన దీనికంటే సూక్ష్మమైనది. "కాకినాడలో 36 డిగ్రీలకే స్నానం చేసి బయటికొస్తే మళ్ళీ తడిసిపోతామండీ. మీ ఊళ్ళో చెమట పట్టదు, కానీ కళ్ళు మండుతాయి," అంటుంది. నిజమే. కోస్తాలో గాలి నిండా తేమ ఉంటుంది కనుక చెమట ఆరదు, కూలర్ పెట్టినా చల్లబడదు. రామగుండం మే నెల గాలి ఎంత పొడి అంటే ఉతికిన చీర పావుగంటలో ఆరిపోతుంది. ఆ పొడిదనం వల్లనే తడి గడ్డి తడికలున్న కూలర్ మా వైపు అద్భుతంగా పనిచేస్తుంది. కాకపోతే దానికి రోజుకు బిందెలకు బిందెలు నీళ్ళు పోయాలి. అంచేత అక్కడ ఇల్లు చూసేవాడు ముందు చూడవలసింది పాలరాయి పరిచారా లేదా అని కాదు, మే నెలలో నల్లా ఎన్ని గంటలు వస్తుందని. జూన్‌లో తొలకరికి ముందు తేమ పెరిగి, వేడి ఇంకా తగ్గని పది రోజులు మాత్రం కూలర్ కూడా చేతులెత్తేస్తుంది. ఏసీ అవసరమయ్యేది అప్పుడే.

తమ్ముడు పంపిన ఫోటోల్లో ఆ ఇంటిని ఇప్పుడు ఈ కళ్ళతో చూశాను. పడమటి ముఖం. ముందు గదికి నిలువెత్తు గాజు కిటికీ, అదీ పడమటికే. పైన ఒట్టి స్లాబు, నాలుగువైపులా సిమెంటు. కాలనీలో ఒక్క చెట్టు లేదు. రియల్ ఎస్టేటు వారు నేల చదును చేసినప్పుడు ఉన్న వేపలు కొట్టేశారట. బోరు ఉంది, నల్లా కనెక్షన్ ఉంది. ఆసుపత్రి పదిహేను నిమిషాల దూరం, తమ్ముడి ఇల్లు అయిదు నిమిషాలు. అమ్మకు ఇప్పుడు ఎనభై ఒకటి. ఈ చివరి రెండు వాక్యాలు లేకపోతే నేను ఇంత చరిత్ర తవ్వేవాణ్ణే కాదు.

అదే వాడలో, రెండు వీధుల ఇవతల, పాత ఇల్లొకటి ఉందని తరువాత తెలిసింది. సింగరేణి నుంచి విరమించిన ఒకాయన ఇరవై ఏళ్ళ క్రితం కట్టుకున్నదట. ఉత్తర ముఖం, బెంగుళూరు పెంకుల వరండా, వాకిట్లో వేపచెట్టు. అమ్మకానికి లేదు, అద్దెకు ఇస్తారట. తమ్ముడికి నచ్చలేదు. "పెంకుటిల్లు ఎందుకన్నా, కోతులు పెంకులు ఆగం చేస్తయ్" అన్నాడు. వచ్చే ఏప్రిల్ 15 నుంచి మృగశిర కార్తె దాకా ఆ ఇల్లే అద్దెకు తీసుకొని ఉండి చూద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఇంటాయనకు ఈ బేరం వింతగా తోచిందట. దసరా తరువాతో సంక్రాంతికో వచ్చి చల్లటి పూట చూసి బయానా ఇచ్చేవారే గాని, కోరి మే నెల అడిగినవారు ఇంతవరకూ లేరన్నాడు. రెండు నెలల అద్దె ముందే ఇమ్మన్నాడు, తమ్ముడు ఇచ్చి వచ్చాడు. మా ఆవిడ అడిగింది ఒక్కటే, కూలర్‌ను ఉత్తరపు కిటికీకి పెట్టించమని.